శిక్షకు ముందు అడగవలసిన మాట: ప్రొబేషన్

నేరం రుజువైందని చెప్పాక న్యాయమూర్తి బోనులో ఉన్న మనిషిని ఒక ప్రశ్న అడుగుతారు: "శిక్ష విషయంలో నువ్వు చెప్పుకునేదేమైనా ఉందా?" మన మేజిస్ట్రేటు కోర్టుల్లో దానికి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఇంటికి నేనే దిక్కు సార్, ముసలి తల్లి ఉంది, చిన్న పిల్లలున్నారు, దయ చూడండి." తీర్పు చివరి పేజీలో దీనికి రెండు వాక్యాలు దక్కుతాయి. ముద్దాయి కనికరించమని వేడుకున్నాడన్నది ఒకటి. నేర స్వభావాన్ని బట్టి ప్రొబేషన్ చట్టం వర్తింపజేయడానికి కారణం కనిపించలేదన్నది రెండోది. సాయంత్రానికి ఆ మనిషి జైలు గేటు దగ్గర ఉంటాడు.

ఆ రెండు వాక్యాల మధ్య జరగవలసిన పని చాలా ఉంది, అది జరగడం లేదన్నదే నా ఫిర్యాదు. ప్రొబేషన్‌ను చివరి నిమిషంలో చేతులు జోడించి అడిగే దయగా చూడటం మనకు అలవాటైపోయింది. చట్టం మాత్రం దాన్ని తేల్చి తీరవలసిన ప్రశ్నగా పెట్టింది. ఈ మనిషిని జైలుకు పంపాలా, పూచీకత్తు మీద బయటే ఉంచి బాగుపడనివ్వాలా అన్నది తేలాలంటే ఆధారాలు కావాలి, నివేదిక కావాలి, కారణాలు రాసిన ఉత్తర్వు కావాలి.

ఈ పద్ధతికి మూలపురుషుడిగా చెప్పుకునే జాన్ అగస్టస్ న్యాయవాది కాదు. బోస్టన్ నగరంలో బూట్లు తయారు చేసుకుని బతికేవాడు. 1841లో కోర్టులో శిక్ష పడబోతున్న ఒక తాగుబోతును తన పూచీ మీద విడిపించుకుని, మందు మాన్పించి, మళ్లీ కోర్టుకు తీసుకొచ్చాడు. ఆ తర్వాత చనిపోయేదాకా అదే పని చేశాడు. 1878లో మసాచుసెట్స్ రాష్ట్రం దానికి చట్టరూపం ఇచ్చింది. ఇంగ్లండు 1907లో ప్రొబేషన్ చట్టం తెచ్చింది. మన దగ్గర 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 562వ సెక్షన్ ఉండేది. మద్రాసు రాష్ట్రానికి 1936 నాటి సొంత ప్రొబేషన్ చట్టం ఉండేది కాబట్టి అప్పట్లో అందులో భాగమైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఈ మాట కొత్తది కాదు. దేశమంతటికీ పనికొచ్చే చట్టం 1958లో వచ్చింది. నేటికీ అదే చట్టం.

చట్టం చిన్నది, మొత్తం 19 సెక్షన్లు. అందులో కక్షిదారుకు పనికొచ్చేవి నాలుగైదు. మూడో సెక్షన్ ప్రకారం చిన్న దొంగతనం, మోసం వంటి కొన్ని పేర్కొన్న నేరాలకు, లేదా రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకు, ఇదివరకు శిక్ష పడని మనిషిని మందలించి వదిలేయవచ్చు. నాలుగో సెక్షన్ పరిధి ఇంకా పెద్దది. మరణశిక్ష గాని యావజ్జీవం గాని పడే అవకాశం లేని ఏ నేరానికైనా, మూడేళ్లకు మించని కాలానికి సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదలవచ్చు. కావాలంటే ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు, మద్యం ముట్టకూడదనో ఫలానా చోటే ఉండాలనో షరతులు పెట్టవచ్చు. ఇదివరకు శిక్ష పడి ఉండకూడదన్న మాట నాలుగో సెక్షన్‌లో లేదు. చాలామంది వకీళ్లు కూడా ఈ సంగతి మరచిపోతారు. ఇక ఆరో సెక్షన్ 21 ఏళ్ల లోపు వారి కోసం. వారిని జైలుకు పంపడమే మినహాయింపు. పంపాలంటే ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని, ఎందుకు పంపుతున్నారో కారణాలు రాయాలి.

క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని ప్రొబేషన్ గురించి చెప్పే 360, 361 సెక్షన్లు 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 401, 402గా మారాయి. 1958 చట్టం అమల్లో ఉన్నచోట 360వ సెక్షన్‌కు పని లేదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. అయినా 361 (ఇప్పటి 402) చాలా విలువైనది. ప్రొబేషన్ ఇవ్వగలిగి కూడా ఇవ్వకపోతే ప్రత్యేక కారణాలు తీర్పులో రాయాలని అది కోర్టును ఆదేశిస్తుంది. "నేర స్వభావాన్ని బట్టి" అన్న మూడు మాటలు ప్రత్యేక కారణం ఎలా అవుతాయి? అప్పీలులో మొదట నిలదీయవలసింది దీన్నే. జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి 1979లో ఒక ఉరిశిక్ష కేసులో రాసిన తీర్పులో ఈ సెక్షన్‌ను ఉరికి ప్రత్యేక కారణాలు రాయాలన్న నిబంధన పక్కన పెట్టి చదివారు. కఠిన శిక్ష వేసేవారే కారణం చెప్పుకోవాలన్న దృష్టి 1973 నాటి కోడ్ అంతటా ఉందని చూపించారు. ఆ దృష్టి మన కింది కోర్టుల దాకా పూర్తిగా చేరలేదు.

తెలుగువారికి ఈ చట్టంతో ఇంకో బంధం ఉంది. రాజమండ్రి నుంచి వెళ్లి దేశ ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1964లో పంజాబ్ నుంచి వచ్చిన ఒక 16 ఏళ్ల కుర్రవాడి కేసులో మెజారిటీ తీర్పు రాశారు. ఆ జిల్లాకు ప్రొబేషన్ చట్టం వర్తించకముందే మేజిస్ట్రేటు శిక్ష వేసేశారు. అయినా అప్పీలు కోర్టు ఆ లాభం ఇవ్వవచ్చునని ఆయన తేల్చారు. నేరస్థుణ్ణి సంస్కరించే చట్టం వెనక్కి వర్తించినా రాజ్యాంగానికి విరుద్ధం కాదన్నారు. పదకొండో సెక్షన్ ప్రకారం సెషన్స్ కోర్టులో గాని హైకోర్టులో గాని మొదటిసారిగానైనా ప్రొబేషన్ అడగవచ్చన్నదానికి అది గట్టి పునాది. కింది కోర్టులో అడగలేదు కదా అని ఊరుకోవద్దు.

అర్హత దగ్గర ఒక చిక్కు ఉంది. మన పల్లెల్లో పొలం గట్టు తగాదాలో కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొడితే భారతీయ న్యాయ సంహిత 117(2) కింద గరిష్ఠంగా ఏడేళ్లు. ప్రొబేషన్‌కు దారి తెరిచే ఉంటుంది. అదే తగాదాలో గొడ్డలి వాడితే 118(2) కిందికి వస్తుంది. అక్కడ గరిష్ఠ శిక్ష యావజ్జీవం కాబట్టి నాలుగో సెక్షన్ మూసుకుపోతుంది. వేయబోయే శిక్ష ఏడాదే అయినా అంతే, ఎందుకంటే సెక్షన్‌లో ఎంత శిక్ష రాసి ఉందన్నదే లెక్క. నమ్మకద్రోహం కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు 1972లోనే ఈ సంగతి చెప్పింది. అందుకే ప్రొబేషన్ కోసం పోరాటం శిక్ష రోజున మొదలయ్యేది కాదు. చార్జి వేసేటప్పుడే "ఇది 118(2) కాదు, 117(2)" అని వాదించి నెగ్గినవాడికే చివర్లో ఆ తలుపు తెరుచుకుంటుంది.

వయసు లెక్క ఇంకో చిక్కు. నేరం చేసిన నాటికి 18 దాటాయా అన్నది చూసేది బాలల న్యాయ చట్టం. ప్రొబేషన్ ఆరో సెక్షన్‌కు మాత్రం నేరం రుజువైన నాటి వయసే లెక్క అని సుప్రీంకోర్టు 1962లో బీహారు కేసులో చెప్పింది, 2008లో మళ్లీ చెప్పింది. 19 ఏళ్ల కుర్రాడు కాలేజీ గొడవలో ఇరుక్కుంటే, కేసు నాలుగేళ్లు నడిచి తీర్పు వచ్చేనాటికి అతనికి 23. చట్టం ప్రత్యేకంగా ఇచ్చిన రక్షణ విచారణ ఆలస్యంలో కరిగిపోతుంది. ఆలస్యం చేసింది అతను కాకపోయినా సరే. ఇది అన్యాయం. పార్లమెంటు ఒక్క సవరణతో దీన్ని సరిచేయవచ్చు. అప్పటిదాకా నాలుగో సెక్షన్ కింద వాదించేటప్పుడు నేరం నాటి వయసును గట్టిగా చూపించాలి.

కొన్ని తలుపులు చట్టమే మూసేసింది. మత్తుపదార్థాల చట్టం 33వ సెక్షన్, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 19వ సెక్షన్ 18 ఏళ్లు దాటినవారికి ప్రొబేషన్ ఇవ్వవద్దంటాయి. మొదటిదానిలో 26, 27 సెక్షన్ల నేరాలకు, అంటే స్వయంగా వాడిన నేరం వంటివాటికి మినహాయింపు ఉంది. లంచం కేసుల్లో 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి కూడా అంతకుముందు చట్టానికి ఉన్న నిషేధమే వర్తిస్తుందని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సీ ఎస్టీ చట్టంలోని నిషేధాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. ఊళ్లో పెత్తనం ఉన్నవాడికి పూచీకత్తు ఇచ్చేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు. దెబ్బ తిన్నవాడు ఆ ఊళ్లోనే అతని ఎదురుగా బతకాల్సి వస్తుంది.

అసలు వాదం కనీస శిక్ష దగ్గర. చట్టం "ఇంతకు తగ్గకూడదు" అంటే ప్రొబేషన్ ఇవ్వవచ్చా? కల్తీ ఆహారం కేసులో 1972లో సుప్రీంకోర్టు ఒక 20 ఏళ్ల లోపు యువకుడికి ఇవ్వవచ్చంది. పార్లమెంటు 1976లో ఆ చట్టాన్నే సవరించి, 18 దాటినవారికి ఆ దారి మూసేసింది. 1979లో బంగారం నియంత్రణ కేసులో, 1958 తర్వాత వచ్చిన ప్రత్యేక చట్టం కనీస శిక్ష పెడితే దానిదే పైచేయి అని కోర్టు అంది. 2016లో వరకట్న కేసులో గొంతు కాస్త మారింది. కారణాలు రాసి కనీసాన్ని తగ్గించే అధికారం కోర్టుకు ఉంటే అది ప్రొబేషన్‌కు అడ్డు కాదన్నారు. 2021 జనవరిలో పంజాబ్ దోపిడీ కేసులో ఇంకో అడుగు ముందుకు వేశారు. పాత శిక్షాస్మృతి 397వ సెక్షన్‌లోని ఏడేళ్ల కనీసం కూడా నాలుగో సెక్షన్‌ను ఆపదని చెప్పి, సగం శిక్ష అనుభవించిన యువకులను విడిచిపెట్టారు. ఇప్పటి స్థితిని ఒక వాక్యంలో చెప్పాలంటే, 1958 తర్వాతి ప్రత్యేక చట్టమైతే దారి కష్టం, సాధారణ శిక్షాస్మృతి అయితే తెరిచే ఉంది. ఈ విభజన సరైనదేనని నా అభిప్రాయం. ఒక ప్రత్యేక చెడుగు కోసం పార్లమెంటు కొత్తగా ఆలోచించి చేసిన చట్టాన్ని పాత చట్టంతో పక్కకు నెట్టకూడదు.

రోడ్డు ప్రమాద మరణాల సంగతి వేరు. చట్టంలో నిషేధం లేదు, కోర్టులే తమ చేత్తో తలుపు వేశాయి. 2000లో హర్యానా బస్సు డ్రైవర్ కేసులో, డ్రైవర్లు ప్రొబేషన్ దొరుకుతుందిలే అన్న ధీమాతో బండి నడపకూడదని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. తర్వాతి కోర్టులన్నీ దాన్నే పట్టుకున్నాయి. కొత్త సంహిత 106(1)లో గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లకు పెరగడంతో మందలించి వదిలేసే మూడో సెక్షన్ కూడా ఆ నేరానికి పోయింది. వైద్యుల నిర్లక్ష్యానికి మాత్రం రెండేళ్లే ఉంచారు. తాగి నడిపి ప్రాణం తీసినవాడికి జైలు తప్పకూడదనడంలో నాకు సందేహం లేదు. కానీ యజమాని ఒత్తిడి మీద నిద్ర లేకుండా లారీ నడిపిన మనిషికీ, రేసు పెట్టుకున్న కుర్రాడికీ ఒకే వాక్యంతో ప్రొబేషన్ కాదనడం న్యాయం కాదు. ఆ తేడా తెలియాలంటే విచారణ కావాలి. విచారణ చేయవలసిన మనిషి ప్రొబేషన్ అధికారి.

ఈ వ్యవహారానికంతటికీ ఆయువుపట్టు ఆ నివేదికే. ఇంటి పరిస్థితి, చదువు, పని, అలవాట్లు, చేసిన తప్పు మీద మనిషి వైఖరి, చుట్టుపక్కలవారి మాట, అన్నీ కనుక్కుని అధికారి రాస్తాడు. ఏడో సెక్షన్ ప్రకారం అది రహస్యం. అయినా సారాంశాన్ని ముద్దాయికి తెలిపి, దాని మీద సాక్ష్యం ఇచ్చుకునే అవకాశం కోర్టు ఇవ్వవచ్చు. నివేదిక వ్యతిరేకంగా వచ్చినప్పుడు ఆ అవకాశం అడిగి తీరాలి. 2005లో ఢిల్లీ అక్రమ నిర్మాణం కేసులో, ముద్దాయి తనకు ఇంకో కేసులో శిక్ష పడిన సంగతి దాచిపెట్టి ప్రొబేషన్ పొందాడు. అధికారి నివేదిక కూడా లేదు. సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. పాత కేసును దాచడం కంటే నాలుగో సెక్షన్‌లో దానికి నిషేధం లేదని ఒప్పుకుని వాదించడమే మేలు.

మన రెండు రాష్ట్రాల్లో జిల్లా ప్రొబేషన్ అధికారుల మీద బాలల కేసుల భారం ఎలాగూ ఉంటుంది. పెద్దల కేసుల్లో కోర్టు అడిగితేగాని వారు కదలరు, వకీలు అడిగితేగాని కోర్టు కదలదు. జస్టిస్ కృష్ణయ్యర్ 1980లో హర్యానా కేసులో ఈ మూలాన్నే పట్టుకున్నారు. శిక్షకు కావలసిన సమాచారాన్ని సేకరించని కోర్టునే కాదు, ఈ సెక్షన్ల మీద శ్రద్ధ పెట్టని న్యాయవాదులను కూడా తప్పుపట్టారు. అంతకు మూడేళ్ల ముందు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఉద్యోగాల మోసం కేసులో ఆయనే మూడేళ్ల శిక్షను ఏడాదిన్నరకు తగ్గించి, శిక్ష లక్ష్యం మనిషిని బాగుచేయడమని వివరంగా రాశారు. ఇక 2025లో తమిళనాడు నుంచి వెళ్లిన 498ఏ (భార్యను వేధించిన) కేసులో సుప్రీంకోర్టు ఏ అనుమానమూ మిగల్చలేదు. నాలుగో సెక్షన్ వర్తించే కేసులో ప్రొబేషన్ గురించి ఆలోచించకుండా వదిలేసే స్వేచ్ఛ కోర్టుకు లేదని, ఆలోచించడం విధి అని చెప్పి, నివేదిక తెప్పించుకుని మళ్లీ చూడమని కేసును హైకోర్టుకు పంపింది. ప్రొబేషన్ ఇచ్చి తీరాలని అది అనలేదు. ప్రశ్న వేసుకోవడం మాత్రం తప్పనిసరి అంది. ఈ రోజు ఏ వకీలు ప్రొబేషన్ కోరుతూ మెమో వేసినా మొదటి పేరాలో ఉండవలసిన తీర్పు ఇదే.

ఆ మెమో ఎలా ఉండాలి? శిక్ష గురించి చెప్పుకోవడానికి మాత్రమే వాయిదా అడిగితే ఇవ్వకూడదని ప్రొసీజర్ చట్టంలోనే ఉంది. కాబట్టి కాగితాలు ముందే సిద్ధం కావాలి. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్, పనికి యజమాని రాసిన ఉత్తరం, రేషన్ కార్డు, తల్లిదండ్రుల జబ్బు ఉంటే ఆసుపత్రి చీటీలు, బెయిలు కాలంలో ఒక్క వాయిదా కూడా తప్పలేదని చూపే డాకెట్ నకళ్లు తీసుకోవాలి. నాలుగో సెక్షన్ ప్రకారం ముద్దాయికో జామీనుదారుకో స్థిరమైన నివాసం గాని క్రమమైన పని గాని ఉండాలి. ఇటుక బట్టీలకు, భవన నిర్మాణానికి వలస వచ్చిన కూలీలు ఇక్కడే చిక్కుకుంటారు. సొంతూరి మనిషి జామీను ఇచ్చినా చాలు, ముద్దాయి బాండు కాలంలో అక్కడే ఉండబోతే సరిపోతుంది. వకీలు ఈ దారి చూపాలి. అన్నిటికీ మించి, అధికారి నివేదిక తెప్పించమని లిఖితంగా కోరాలి. ఆ నివేదిక కోర్టు బాధ్యత కాబట్టి దానికోసం వాయిదా అడిగితే పై నిషేధం అడ్డు రాదని వాదించవచ్చు. ప్లీ బార్గెయినింగ్‌లో కూడా కోర్టు ప్రొబేషన్ గురించి ఇరుపక్షాల మాట వినాలని చట్టంలో ఉంది. అక్కడా అడిగేవారు తక్కువే.

ఇంతసేపూ ముద్దాయి గురించే చెప్పాను. దెబ్బ తిన్నవాడి మాట? ప్రొబేషన్ మీద జనంలో ఉన్న కోపానికి మూలం ఇక్కడే ఉంది. "కొట్టినవాడు నవ్వుకుంటూ ఇంటికి పోయాడు" అన్నది నిజమైన బాధ. చట్టం దీన్ని మరవలేదు. ఐదో సెక్షన్ కింద నష్టపరిహారం, ఖర్చులు చెల్లించమని అదే ఉత్తర్వులో ఆదేశించవచ్చు. శిక్ష వేసే కోర్టు పరిహారం గురించి ఆలోచించి తీరాలని 2013లో మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి లెక్కగట్టి మెమోతోపాటే ఆ మొత్తం చెల్లించడానికి సిద్ధపడే ముద్దాయికి మాత్రమే నైతికంగా ప్రొబేషన్ అడిగే అర్హత ఉందని నేను నమ్ముతాను. పేదవాడైతే వాయిదాల్లో కట్టనివ్వాలి. మాట తప్పినవాడి మీద చర్యా గట్టిగా ఉండాలి. షరతు మొదటిసారి మీరినవాడికి అసలు శిక్ష వేయకపోతే విధించగల జరిమానా నేటికీ 50 రూపాయలకు మించదు. 1958లో ఆ మొత్తానికి విలువ ఉండేదేమో, ఇప్పుడది చట్టాన్ని చులకన చేస్తోంది.

ప్రొబేషన్ దొరికాక ఏమవుతుంది? దోషి అన్న తీర్పు చెరిగిపోదు. పన్నెండో సెక్షన్ మాత్రం ఆ తీర్పు వల్ల కలిగే అనర్హతలను తొలగిస్తుంది. ఉద్యోగం నిలబడుతుందని దీని అర్థం కాదు. తప్పుడు ప్రవర్తన మీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 1990లో ఒక కానిస్టేబుల్ కేసులో స్పష్టం చేసింది. ప్రభుత్వ ఉద్యోగులకు వకీలు ఈ సంగతి ముందే చెప్పాలి. కొత్త సంహిత తెచ్చిన సమాజసేవ శిక్ష విషయంలోనూ జాగ్రత్త అవసరం. 5,000 రూపాయల లోపు వస్తువు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చినవాడికి సమాజసేవ విధిస్తారు. వినడానికి అది మెత్తగా ఉంటుంది. కానీ అది శిక్షే, పన్నెండో సెక్షన్ రక్షణ దానికి లేదు. డిగ్రీ చదివే కుర్రాడికి మందలింపే మేలు కావచ్చు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఇంకో హెచ్చరిక. అక్కడ నేరం ఒప్పుకుని ప్రొబేషన్‌తో బయటపడినా వలస చట్టం దాన్ని దోషనిర్ధారణగానే చూస్తుంది, వీసాకు ముప్పు వస్తుంది. ఒప్పందం మీద సంతకం చేసేముందు ఇమిగ్రేషన్ వకీలును అడగాలి. 2010లో అక్కడి సుప్రీంకోర్టు కూడా దేశబహిష్కరణ ప్రమాదం గురించి చెప్పడం డిఫెన్స్ వకీలు బాధ్యత అని తీర్పిచ్చింది.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ప్రతి జిల్లాలో పెద్దల కేసులు చూసే ప్రొబేషన్ అధికారిని విడిగా నియమించాలి. హైకోర్టులు నివేదిక లేకుండా ప్రొబేషన్ తిరస్కరించిన తీర్పులను అప్పీలులో వెనక్కి పంపాలి. న్యాయసేవల అధికార సంస్థ ప్యానెల్ వకీళ్లకు ఈ చట్టం మీద ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, ఎందుకంటే దీని అవసరం ఎక్కువగా ఉన్న పేదలు వారి దగ్గరికే వస్తారు. ఇక మీ ఇంట్లోనో బంధువుల్లోనో ఎవరికైనా చిన్న కేసు నడుస్తుంటే, వాదనలు ముగియకముందే మీ వకీలును ఒక్క మాట అడగండి: "ప్రొబేషన్ మెమో సిద్ధంగా ఉందా? అధికారి నివేదిక కోసం కోర్టును కోరారా?"